నమ్మకం స్థానంలో ఒప్పందం

శాఖలకు లక్ష్యాలు, అధికారులకు ర్యాంకులు, పనితీరుపై సమీక్షలు ఇప్పుడు మనకు మామూలే. వీటి వెనక ఒక పాత అనుమానం ఉంది: సర్కారు ఉద్యోగి ప్రజల మేలు కాక తన మేలే చూసుకుంటాడని.

దాన్ని సిద్ధాంతంగా మలిచినవాళ్లు అమెరికా ఆర్థికవేత్తలు. బజారులో లాభం చూసుకునే మనిషే రాజకీయాల్లోనూ ఉంటాడన్న ఊహపై జేమ్స్ బుకానన్, గోర్డన్ టల్లక్ 1962లో ఒక పుస్తకం రాశారు. శాఖాధిపతి తన బడ్జెట్‌ను వీలైనంత పెంచుకోవాలనే చూస్తాడని 1971లో విలియం నిస్కానెన్ వాదించాడు. అందుకని ఏం చేయాలో ముందే రాసుకుని ఒప్పందం మీద చేయించుకోవాలన్నారు మరికొందరు. ఇవన్నీ అధికారిని కట్టడి చేయమనే వాదనలు. వీటికి తోడైన ప్రైవేటు కంపెనీల మేనేజ్‌మెంట్ ఆలోచన మాత్రం, మేనేజరుకు స్వేచ్ఛ ఇమ్మంటుంది. ఈ రెంటికీ పొత్తు కుదరదు. ఈ రెంటి కలయికకు 'న్యూ పబ్లిక్ మేనేజ్‌మెంట్' అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన 1991 నాటి వ్యాసంలోనే క్రిస్టఫర్ హుడ్ ఆ సంగతి ఎత్తిచూపాడు.

సిద్ధాంతాన్ని దాదాపు అక్షరాలా అమలు చేసిన దేశం న్యూజిలాండ్. 1984లో డేవిడ్ లాంగీ నాయకత్వాన లేబర్ పార్టీ గెలిచేనాటికి విదేశీ మారకద్రవ్యం అడుగంటింది. కరెన్సీ విలువను 20 శాతం తగ్గించక తప్పలేదు. ఆ సంక్షోభంలో, ఈ సిద్ధాంతాన్ని నమ్మిన ట్రెజరీ (ఆర్థిక శాఖ) మాటకు బలం వచ్చింది. 1988 చట్టంతో శాశ్వత శాఖాధిపతులు పోయి, గరిష్ఠంగా ఐదేళ్ల కాంట్రాక్టుపై చీఫ్ ఎగ్జిక్యూటివ్‌లు వచ్చారు. 1989 చట్టంతో శాఖలు సేవలు అమ్మేవి, మంత్రులు కొనేవాళ్లు అయ్యారు. ప్రభుత్వ ఆస్తులు, అప్పులు పద్దుల్లో స్పష్టంగా కనిపించసాగాయి. అది నిజమైన మేలు, కాదనలేం.

కానీ 1995 ఏప్రిల్ 28న అక్కడి కేవ్ క్రీక్ వద్ద ప్రకృతి సంరక్షణ శాఖ కట్టిన వీక్షణ వేదిక కూలి 14 మంది చనిపోయారు. ఇంజనీరు పర్యవేక్షణ లేకుండా కట్టిన వేదిక అది. శాఖకు తగిన నిధులు లేవని, పనిభారం మోయలేనంత ఉందని విచారణ తేల్చింది. మరుసటి ఏడాది, సంస్కరణలను మెచ్చుకుంటూనే, వాటిని సమీక్షించిన నిపుణుడు అలెన్ షిక్ హెచ్చరించాడు: ఒప్పందంలో రాసిన అంశాలకు టిక్కు పెట్టుకుంటూ పోతే, రాయని బాధ్యతను ఎవరూ పట్టించుకోరు. చాలా వర్ధమాన దేశాలు ఈ దారి పట్టకూడదని 1998లో మరో వ్యాసం రాశాడు. అయినా ఆ ఆలోచనలు ప్రపంచ బ్యాంకు వెంట ఎన్నో దేశాలకు చేరాయి. ఆ బ్యాంకు, బ్రిటన్ సాయంతో 2001లో హైదరాబాద్‌లో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ ఏర్పడింది.

ఒప్పందం పనిని కొలవగలదు, బాధ్యతను పుట్టించలేదు. 1988 చట్టం స్థానంలో న్యూజిలాండ్ 2020లో తెచ్చిన చట్టం, ప్రజాసేవా స్ఫూర్తే ప్రభుత్వోద్యోగానికి మూల లక్షణమని పేర్కొంది.