పేరుకే స్వాతంత్ర్యం

స్వాతంత్ర్యం ఇచ్చామంటే ప్రపంచమంతా చెల్లదు పొమ్మనడం ఎక్కడైనా విన్నారా? 1976 అక్టోబరు 26న దక్షిణాఫ్రికా శ్వేత ప్రభుత్వం ట్రాన్స్‌కైని స్వతంత్ర దేశమని ప్రకటించింది. ఆ రోజే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 134 ఓట్లతో దాన్ని తోసిపుచ్చింది. వ్యతిరేక ఓటు ఒక్కటీ లేదు. అమెరికా మాత్రం తటస్థంగా ఉండిపోయింది.

ఎందుకంటారా? జొహానెస్‌బర్గులో తెల్లవారింట అంట్లు తోమే ఖోసా పనిమనిషి, ట్రాన్స్‌కైని కంట చూడకపోయినా సరే, ఆ రోజుతో పుట్టినగడ్డ మీదే పరదేశీయురాలైంది. ఇంటి పిల్లను గెంటేసి, వేరుకాపురం పెట్టించామంటే ఊరు నమ్ముతుందా?

సరిహద్దులో చిక్కులు పడుతూ కూడా, పొరుగునున్న చిన్న దేశం లెసోతో గుర్తించనంది. తర్వాత బొఫుతట్స్వానా, వెండా, సిస్కైలదీ అదే గతి. 1994 ఏప్రిల్‌లో నాలుగూ తిరిగి దక్షిణాఫ్రికాలో కలిశాయి. ఆ నెలలోనే నల్లవారికి ఓటూ దక్కింది.