గుడారానికి అర్థం దిద్దుకున్న వైనం



తెలుగు పండితునిగా పనిచేసిన మూడు దశాబ్దాలలో, పటకుటి అన్న మాట పాఠంలో వచ్చినప్పుడల్లా పిల్లలచేత "గుడారము, వస్త్రముతో వేసిన తాత్కాలికమైన ఇల్లు" అని అర్థం వ్రాయించేవాణ్ణి. దూష్యం, డేరా, షామియానా అన్నింటినీ ఒకే గాట కట్టి, ఇవన్నీ వేసినవాడే విప్పవలసినవని చెప్పేవాణ్ణి. మా పాఠశాలలో లెక్కలు బోధించిన మిత్రులొకరు పదవీవిరమణ తరువాత హజ్ యాత్ర చేసి వచ్చి, "మాష్టారూ, మీ అర్థం దిద్దుకోవాలి. జెద్దాలో మేము దిగింది గుడారంలోనే. 1981లో వేసినది ఇంకా అలాగే ఉంది" అన్నారు. ఆ మాట నన్ను ఊరకుండనీయలేదు. చదివి తెలుసుకొన్నది మనవి చేస్తున్నాను.

గుడారానికి పూర్వంనుండీ మూడు దోషాలున్నాయి. గాలికి రెపరెపలాడుతుంది, ఎండకూ వానకూ చివుకుతుంది, నిప్పు తగిలితే మండుతుంది.

మొదటి దోషానికి మందు వస్తువులో కాక ఆకారంలో దొరికింది. బట్ట లాగుడును ఓర్చుకుంటుందే కాని, నొక్కుడును ఓర్వలేదు. నవారు మంచం బిగువుగా ఉంటేనే మనిషిని మోస్తుంది కదా! బట్టను గుర్రపు జీనువలె ఒక దిక్కున పైకీ, మరొక దిక్కున క్రిందికీ వంచి లాగితే, రెండు వంపులూ ఒకదానినొకటి బిగబట్టుకొంటాయి. జర్మనీ వాస్తుశిల్పి ఫ్రై ఓటో 1955లో కాసెల్ నగరపు ఉద్యాన ప్రదర్శనలో నూలుబట్టతోనే దీనిని చేసి చూపాడు. 1967లో మాంట్రియల్ ప్రపంచ ప్రదర్శనలో ఉక్కుతాళ్ళ వల క్రింద, పీవీసీ పూసిన పాలియెస్టర్ బట్టతో జర్మనీ మండపాన్ని కప్పాడు. అయినా అవి ప్రదర్శనల కోసం వేసినవే.

1970లో ఒసాకా ప్రదర్శనలో అమెరికా మండపానికి డేవిడ్ గైగర్ అనే ఇంజనీరు వినైల్ పూసిన గాజునార బట్టను పైకప్పుగా అమర్చి, లోపలి గాలి ఒత్తిడితో నిలబెట్టాడు. దాని పొడవు సుమారు 140 మీటర్లు. ఇంత చవకగా, ఇంత తేలికగా కప్పగలిగినప్పుడు ఇదే శాశ్వతంగా ఉంటే ఎంత బాగు అన్న కోరిక అక్కడ బలపడింది. 1938లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న టెఫ్లాన్‌ను గాజునారకు పూతగా వేయడంతో ఆ కోరిక తీరింది. 1973లో కాలిఫోర్నియాలోని లా వెర్న్ కళాశాల భవనానికి తొలిసారి ఆ బట్టను కప్పారు.

గాజునార బలమైనది, మండదు. కాని తేమ తగిలితే బలం తగ్గుతుంది. టెఫ్లాన్ తేమను చేరనీయదు, ఎండకు చెడదు, దుమ్ము అంటితే వానకే కడుక్కుపోతుంది. కాని బరువు మోయలేదు. ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. మా వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, ఉభయపదాలకూ ప్రాధాన్యం గల ద్వంద్వసమాసమన్నమాట.

ఈ సమాసానికి మహాప్రయోగం జెద్దా విమానాశ్రయంలోని హజ్ టెర్మినల్. వాస్తుశిల్పి గోర్డన్ బన్‌షాఫ్ట్, ఇంజనీరు ఢాకాలో పెరిగిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్. ఒక్కొక్కటి 45 మీటర్ల చదరపు గుడారాలు 210. మొత్తం సుమారు 105 ఎకరాల నీడ. లక్షలమంది కొద్ది వారాలలోనే వచ్చి, గంటల తరబడి వేచి ఉండే చోటు అది. అంత స్థలాన్ని యంత్రాలతో చల్లబరచడం వృథా. తెల్లని బట్ట ఎండలో నాలుగింట మూడు వంతులు తిప్పికొడుతుంది. ప్రక్కలు తెరచి ఉంటాయి. వేడిగాలి పైకెక్కి గుడారపు నెత్తిన ఉన్న రంధ్రం గుండా పోతుంది. ఎడారివాసుల పాత తెలివే, కొత్త బట్ట కట్టుకొన్నది.

1982లో ఖాన్ ఆ జెద్దాలోనే గుండె ఆగి మరణించాడు; అప్పటికి ఆయన వయస్సు 52. మరుసటి సంవత్సరం ఆ కట్టడానికి ఆగాఖాన్ పురస్కారం లభించింది. వేసినవాడు వెళ్ళిపోయాడు, గుడారం నిలిచింది.

నా పాత నోటుపుస్తకం తీసి, "తాత్కాలికమైన" అన్న విశేషణాన్ని కొట్టివేశాను. నా దగ్గర చదువుకొన్న పిల్లలెవరైనా ఇది చూస్తే, వారూ కొట్టివేసుకోవలసిందిగా కోరుతున్నాను.

స్వస్తి.