బస్తరులో అస్థిపాఠం

1323లో ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు గోదావరి దాటి వెళ్లి బస్తరులో రాజ్యం స్థాపించినట్లు అక్కడి రాజవంశ చరిత్ర చెబుతుంది. ఆ వంశం పేరు ధరించిన వైద్య కళాశాల వరంగల్లులో 1959లో వెలసింది. బస్తరు రాజధానిగా వెలుగొందిన జగదల్‌పూర్‌కు మాత్రం ప్రభుత్వ వైద్య కళాశాల 2006లో గాని రాలేదు. అంతకు పూర్వం ఇక్కడివారు వైద్యవిద్యకై దాదాపు మూడువందల కిలోమీటర్ల దూరాన, 1963లో ఏర్పడిన రాయపూర్ కళాశాలకో, మరింత దూరానికో పోవలసి వచ్చేది.

నేడు బలిరాం కాశ్యప్ పేరున ఉన్న ఆ కళాశాలలోనూ, దేశమంతటా వలెనే, వైద్యవిద్యార్థి తొలినాళ్లలోనే ఎముకను చేతబట్టవలసి ఉంటుంది. పరీక్షకుడి మొదటి ప్రశ్న సాధారణంగా ఒక్కటే: ఇది కుడిదా, ఎడమదా? తొడ ఎముక గుండ్రని తల లోపలివైపునకు, పొడవునా సాగే గరుకు గీటు వెనుకవైపునకు ఉండేట్లు పట్టుకొంటే సమాధానం తనంతట తానే తెలుస్తుంది. 206 పేర్లు వల్లించడం కంటె ఇది కఠినం. కంటితో చూచినదాన్ని చేతితో నిర్ధారించుకోవడమే ఈ పాఠంలోని సారం.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో ఉంచి, ప్రవహించే నీటిలో ఏడు రాత్రులు నానబెట్టి, పిదప వట్టివేళ్లు, వెదురు మొదలైన వాటితో చేసిన కుంచెలతో మెల్లగా రుద్దుతూ లోపలి భాగాలను చూడవలెనని సుశ్రుత సంహిత విధించింది. చరకుడు అస్థులను 360గా లెక్కించగా శల్యతంత్రం 300గా చెప్పింది: కాళ్లు చేతులలో 120, మొండెంలో 117, మెడకు పైన 63. దంతాలను, మృదులాస్థులను కూడ కలుపుకొన్నందున సంఖ్య పెరిగిందే గాని, అది ఊహాగానం కాదు. 1907లో హోర్న్‌లే ఈ లెక్కలను ఆధునిక శాస్త్రంతో పోల్చి ఒక గ్రంథమే వెలువరించాడు. అయితే కాలక్రమంలో శవస్పర్శ నిషిద్ధమై, చూడవలసినది శ్లోకంగా మిగిలిపోయింది. 1836లో కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన్ గుప్తా శవపరిచ్ఛేదం చేయడం అందుకే చరిత్రకెక్కింది.

ఆ వెలుగు వెనుక ఒక చీకటి కూడ ఉంది. ప్రపంచ వైద్య కళాశాలలకు అస్థిపంజరాలు పంపే దేశంగా భారతదేశం దీర్ఘకాలం పేరుబడింది. 1985లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. ఎవరి ఎముకలవి? దిక్కులేని పేదలవే అధికమనడంలో సందేహం లేదు. ఎవరూ కోరని శవాలను బోధనకు అప్పగించే 1832 నాటి బ్రిటిష్ చట్టం ఛాయలోనే బొంబాయి 1949లో తన శాసనం చేసుకొంది. పేదరికమే ఇక్కడ అంగీకారంగా చెల్లింది.

బస్తరులో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. మరణించిన వారి పేరిట నిలువురాళ్లు నాటడం, కొయ్య స్తంభాలు చెక్కించడం, రాతి పలకలపై వారి జీవిత దృశ్యాలకు రంగులద్దడం మాడియా గోండుల ఆచారం. గ్రిగ్సన్ 1938లోనే వారి జీవనాన్ని గ్రంథస్థం చేశాడు; ఎల్విన్ ఇక్కడి అంత్యక్రియలపై ప్రత్యేకంగా వ్రాశాడు. చనిపోయినవాడు కూడ ఊరివాడే అని నమ్మే చోట, శవం ఎవరికీ చెందనిదని నిర్ణయించే అధికారం ఎవరిది? దేహదానాన్ని ప్రోత్సహించదలచిన వారు ముందుగా ఊరి పెద్దలతో కూర్చోవలసి ఉంటుంది. ప్లాస్టిక్ నమూనాలు కొంత భారం తగ్గించాయి గాని, అసలు ఎముక బరువును, గరుకును అవి నేర్పలేవు.

మరొక చిక్కు భాషది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో హిందీలో వైద్యవిద్యను ప్రకటించింది. రత్ని, అరత్ని వంటి పదాలతో తెలుగు పాఠ్యపుస్తకాలు ఇదివరకే ఈ ప్రయత్నం చేశాయి. కాని జగదల్‌పూర్ వైద్యుని ముందు కూర్చునే రోగి హల్బీ మాట్లాడవచ్చు, గోండీ మాట్లాడవచ్చు. కోంటా వైపు నుండి వచ్చిన దోర్ల వృద్ధురాలైతే సగం తెలుగులోనే నొప్పి చెబుతుంది. ఆమె తన తొడను చూపుతుంది. అది ఏ ఎముకో, ఎక్కడ విరిగిందో వైద్యుడు చేతితోనే తడిమి తెలుసుకోవాలి.