గుడి యను మాటయు, గోడలును

మన భాషలో 'గుడి' యనగా దేవాలయమనియే గాక వలయమనియు నర్థము గలదు. చంద్రుని చుట్టును వెలుగు వలయము గాన్పించినప్పుడు గుడి కట్టినదందుము. అక్షరముపై నుంచు గుండ్రని గుర్తును గుడియే. గురుబరపల్లి, హోసూరు ప్రాంతములందు మన పిల్లలు బడిలో తమిళము చదివినను ఈ మాటను ఇంటనే నేర్చుకొందురు.

దూరదేశమగు వేల్సులోను ఇట్టి మాటయే యొకటి యున్నది. అచటి భాషలో 'హ్లాన్' అనగా తొలుత ఆవరణము, పిదప అందలి చర్చి, తుదకు ఊరు. హ్లాన్‌గోహ్లెన్, హ్లాన్‌డిడ్నో మున్నగు పేళ్లు ఇట్లేర్పడినవే. అచటి పల్లెలలో చర్చి చుట్టునుండు శ్మశానపు గోడలు పెక్కు గుండ్రముగా నుండును. ఇస్బిటి కన్విన్ అను చోట అట్టి గోడలో పెద్ద నిలువురాళ్లు ఇమిడియున్నవి. అవి క్రీస్తునకు పూర్వపువో, తరువాత తెచ్చి నిలిపినవో పండితులింకను తేల్చలేదు. ఆ ప్రాంగణముల వాకిళ్లపై పలుచోట్ల చిన్న కప్పు గట్టుదురు. పాడె మోయువారు దాని నీడన ఆగుదురు. పురోహితుడు శవమును వాకిట నెదుర్కొనవలెనని 1549 నాటి ఆంగ్ల ప్రార్థనా గ్రంథము విధించినది. మనకు దింపుడు కళ్లము జ్ఞప్తికి రాక మానదు. మనవారు పాడె దింపి చెవిలో పేరు పెట్టి పిలుచు చోటికి కప్పు లేదు, అంతియే.

ఇక మన గోడలు. వీనిలో లేపాక్షి వీరభద్రాలయ ప్రాకారమునకు సాటి యైనది మేమెరుగము. విజయనగరాధీశుడగు అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) పెనుకొండ రాజోద్యోగి విరూపణ్ణ దీనిని కూర్మశైలముపై నిర్మింపజేసెను. రాజాగ్రహమునకు వెరచి యతడు కన్నులు పెరికి గోడపై విసరెనని చెప్పి నేటికిని ఎర్రని మరకలను జూపుదురు. కథ మాటెట్లున్నను, గోడపై నిజముగా నిలిచినవి శాసనములు. ఆలయమునకిచ్చిన భూముల లెక్క ఆ రాళ్లపైననే యున్నది. నేడు తెలుగుసీమ యనబడు చోట అవి కన్నడమున నున్నవి! 1956లో గీచిన రాష్ట్రపు టెల్లలను ఆ శాసనములు చెక్కినవారు కలనైన నెరుగరు. ఎల్లకీవల మిగిలిన మనకు ఈ సంగతి కొంత ఊరట.

నేడు పల్లెలలో జీర్ణోద్ధరణ మనగానే పాతగోడను పడగొట్టి, సిమెంటు తోరణము నెత్తి, దాతల పేర్లు వ్రాయింతురు. పాతదాతల పేర్లున్న రాళ్లు పునాదిలోనికి బోవును. గునపము పడకముందే మైసూరులోని కేంద్ర శాసనశాఖకు ఒక జాబు వ్రాయుడు. తడికాగితమును రాతిపై పరచి, కుంచెతో గట్టిగా మొత్తి, సిరా అద్దినచో నల్లని కాగితముపై అక్షరములు తెల్లగా తేలును.