హ్రీ లేని శాంతి శాంతి కాదు: కాణిపాక సత్యప్రమాణం

చిత్తూరు సమీపాన బాహుదా నదీతీరంలో వెలసిన కాణిపాక వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాలకు అధిదేవత. వివాదంలో ఉన్నవారు పుష్కరిణిలో స్నానమాచరించి స్వామి సన్నిధిలో ప్రమాణం చేయడం ఇక్కడి ఆచారం. ఈ ఆలయాన్ని 11వ శతాబ్దంలో చోళరాజు మొదటి కులోత్తుంగుడు నిర్మించాడనీ, 1336లో విజయనగర ప్రభువులు విస్తరింపజేశారనీ ఆలయ చరిత్ర చెబుతుంది. రాజ్యాలు మారినా ప్రమాణంపై ప్రజల విశ్వాసం చెదరలేదు.

ఆ విశ్వాసానికి మానవునిలోని ఆధారం ‘హ్రీ’. అకార్యం చేసినప్పుడు అంతఃకరణంలో జనించే లజ్జయే హ్రీ. భగవద్గీత 16వ అధ్యాయం దానిని దైవీసంపదలో చేర్చింది.

నది పేరుకు మూలమైన కథ కూడా ఇదే బోధిస్తుంది. మహాభారత శాంతిపర్వంలో వ్యాసుడు ధర్మరాజుకు శంఖలిఖితుల వృత్తాంతం చెబుతాడు. అన్న శంఖుని ఆశ్రమంలో అనుమతి లేకుండా ఫలాలు భుజించిన లిఖితుడు, అన్న ఆదేశంపై సుద్యుమ్న మహారాజును ఆశ్రయించి దండన కోరాడు. రాజు క్షమించబోయినా అంగీకరించలేదు. హస్తాలు కోల్పోయి, బాహుదలో తర్పణానికి దిగగా అవి తిరిగి మొలిచాయి. ఆ బాహుద ఈ నదియేనని స్థలపురాణం.

లిఖితుడు భయాన్ని నిగ్రహించాడు, లజ్జను చంపుకోలేదు. దమమంటే అదే.

దీనికి విపరీతమైన స్థితి ఒకటుంది. అమెరికా మనోవైద్యుడు హెర్వీ క్లెక్లీ 1941లో ప్రకటించిన ‘ది మాస్క్ ఆఫ్ శానిటీ’ గ్రంథంలో, బుద్ధి, వాక్చాతుర్యం ఉండి కూడా సిగ్గు, పశ్చాత్తాపం ఎరుగని వ్యక్తులను వర్ణించాడు. నేడు లోకం సోషియోపతి అని వ్యవహరించేది ఇటువంటి స్వభావాన్నే. అటువంటివాడు పుష్కరిణిలో మునిగి, గొంతు వణకకుండా అసత్యప్రమాణం చేయగలడు. చూపరులకు అతని నిశ్చలత, స్థితప్రజ్ఞుని నిశ్చలత ఒకేలా కనిపించవచ్చు. కానీ ఒకరిది ఉద్వేగాలపై విజయం. మరొకరిది పరుల బాధ తాకని శూన్యం. మొదటిది తన తప్పును ఒప్పుకోవడానికి ధైర్యమిస్తుంది. రెండవది దానిని దాచడానికి తోడ్పడుతుంది.

కనుక ప్రమాణం అంతరాత్మను సృష్టించదు, ఉన్నదానిని మేల్కొల్పుతుంది. మనసు నిశ్చలమైందని భావించే సాధకుడు ముందుగా పరీక్షించుకోవలసినది ఒక్కటే: ఆ నిశ్చలతలో హ్రీ ఇంకా జీవించి ఉన్నదా?