హోసూరు మల్బరీ వనము : ఉమ్మడి మొక్కలశాలల ఆరోగ్యము

బారామహలు సీమకు పడమట, మైసూరు పీఠభూమి అంచుపై నున్న ఊరు హోసూరు. కృష్ణగిరి దిగువనేలలో నున్నది. 1792 నాటి సంధివలన బారామహలు టిప్పూ సుల్తాను చేతినుండి ఆంగ్లేయుల వశమయ్యెను. హోసూరు ప్రాంతము శ్రీరంగపట్టణము పడిన పిమ్మట, 1799లో వారికి చిక్కెను. తరువాత చిరకాలము సేలము జిల్లాలో నుండి, 1965లో ధర్మపురి జిల్లాలో చేరి, 2004లో క్రొత్తగా నేర్పడిన కృష్ణగిరి జిల్లాలో భాగమయ్యెను. ఏలికలు మారినను, జిల్లాల పేళ్ళు మారినను, ఇచ్చటి జనుల నాలుకలపై తెలుగు, కన్నడము, తమిళము ఒకదాని ప్రక్క నొకటి నిలిచియే యున్నవి. ఈ సంగతి ఈ వ్యాసమున మరల అవసరమగును.

ఈ సీమ చరిత్ర యనగనే కోటలును, శాసనములును, పాళెగాండ్రును స్ఫురణకు వత్తురు. మొక్కలకును ఇచ్చట చరిత్ర కలదు. కేంద్ర పట్టు మండలివారు 1990లో హోసూరునందు పట్టుపురుగుల యొక్కయు మల్బరీ యొక్కయు మూలజాతులను భద్రపరచుటకై ఒక కేంద్రమును నెలకొల్పిరి. వేయికి మించిన మల్బరీ రకములు అచ్చట నాటబడి యున్నవి. వానిలో మన దేశపు కొండలలో దొరకినవియు, జపాను మొదలగు పరదేశములనుండి తెప్పించినవియు కలవు. క్రొత్త రకమును పుట్టింపదలచిన శాస్త్రజ్ఞుడు, ఏ రాష్ట్రమువాడైనను, ఇట్టి వనమును ఆశ్రయింపక తప్పదు. కావున ఇది ఒక్కరి తోట కాదు, ఉమ్మడి తోట.

వరి, రాగి, ఉలవ మొదలగువాని విత్తనములను ఎండబెట్టి, చల్లని గదిలో ఏండ్లకొలది దాచవచ్చును. మల్బరీకి ఆ సౌకర్యము లేదు. గింజనుండి మొలచిన మల్బరీ తల్లిచెట్టును పోలి యుండదు. రకము చెడకుండవలెనన్నచో మూడు నాలుగు కణుపులుగల కొమ్మముక్కను నాటి పెంచవలసినదే. అనగా ప్రతి రకమును ప్రాణముతో, ఆకులతో, వేళ్ళతో, ఎండకు వానకు ఓర్చుచు నేలపై నిలిచి యుండవలెను. కొమ్మముక్క వెంట తల్లిచెట్టు తెగులును ప్రయాణము చేయును. వేరుకుళ్ళు సోకి ఒక రకపు చెట్లన్నియు చచ్చినచో, వేరొకచోట జతమొక్క లేనప్పుడు, ఆ రకము లోకమున లేనట్లే.

మల్బరీకి మరియొక చిక్కు గలదు. దాని ఆకు పట్టుపురుగునకు ఆహారము. పురుగును చంపు మందు చల్లినచో పట్టుపురుగును చచ్చును. చల్లినను, మందు ప్రభావము పోవువరకు దినములు లెక్కపెట్టి ఆకు కోయవలెను. రైతులు తుక్ర అని పిలుచు తెగులున కొనచిగుళ్ళు ముడుచుకొని, ఆకులు ముద్దగట్టి, చెట్టు ఎదుగక నిలిచిపోవును. దానికి కారణము గులాబి వన్నె పిండినల్లి. ముడుతలలో దాగియుండుటచే మందు దానికి తగులుటయు అరుదే. ముడిగిన చిగుళ్ళను త్రుంచి సంచిలో వేసి కాల్చుట, అక్షింతల పురుగులను విడుచుట, తీపిరసమునకై పిండినల్లిని కాచుచుండు చీమల పుట్టలను తొలగించుట మున్నగునవియే నమ్మదగిన ఉపాయములు. చీమను మరచినవాని శ్రమ వ్యర్థము.

మొక్కను మూతవేసి పెంచు విద్య పుట్టుకలోనే ఒక పురుగు ఉన్నది. లండను వైద్యుడు నెతనియల్ వార్డు 1829లో ఒక చిమ్మటగూటిని తడిమట్టిలో నుంచి, సీసాకు మూత బిగించెను. చిమ్మట మాట అటుంచి, ఆ మట్టినుండి ఒక చిన్న పర్ణాంగపు మొక్కయు, గడ్డియు మొలచెను. పొగనిండిన లండను గాలిలో బ్రతుకని మొక్క సీసాలో బ్రతికెను. ఆ పరిశీలననుండి పుట్టిన గాజుపెట్టెలు 1833 నుండి ఓడలెక్కి ఖండములు దాటెను. సింకోనా మొక్కలు నీలగిరికి వచ్చినది వానిలోనే. అయితే మొక్కతో కూడ మట్టియు, మట్టితో కూడ పురుగును తెగులును ప్రయాణము చేసెను. పెట్టె లోనిదానిని కాపాడెనే గాని, వెలుపలి తోటను కాపాడలేదు. ఈ విధమైన రాకపోకలను అదుపు చేయుటకే మన దేశమున 1914లో హానికర కీటకముల శాసనము చేయబడెను. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువు నందు 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థకు పరదేశములనుండి వచ్చు జొన్న, కంది, వేరుసెనగ విత్తనములు ముందుగా ప్రభుత్వపు తెగుళ్ళ తనిఖీ దాటవలసి యున్నది.

1949లో అమెరికాలోని పాసడీనా నగరమున ఫ్రిట్స్ వెంట్ అను శాస్త్రజ్ఞుడు ఎండను, చలిని, తేమను ఇచ్చవచ్చినట్లు మార్చగల మొక్కల మందిరమును తెరచెను. అందులో ఎన్నో యంత్రములు కలవు. కాని ఆ మందిరమున ముఖ్యనియమము ఒక వస్త్రమును గూర్చినది. లోనికి పోవువారు తమ బట్టలు మార్చుకొని శుభ్రమైన దుస్తులు ధరింపవలసి యుండెను. యంత్రములు చెడినచో ఒక గది చెడును. మనుష్యుని చొక్కాపై వచ్చిన నల్లి అన్ని గదులను చెరచును. ఇట్టి మందిరము ఢిల్లీ వ్యవసాయ పరిశోధనాలయమునకు 1997లో అమరెను. ధనమున్నచో మందిరము కట్టవచ్చును. చొక్కా మార్చుకొను అలవాటు ధనమునకు రాదు.

ఈ మాటకు తమిళనాటి మల్బరీ తోటలే సాక్ష్యము చెప్పును. మెక్సికో ప్రాంతమునకు చెందిన బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరున మొదటిసారి మన దేశమున కనబడెను. బొప్పాయి, కఱ్ఱపెండలము, మల్బరీ ఏదియు దాని పాలబడక తప్పలేదు. మందులు చల్లిరి. తోటలు కొట్టివేసిరి. నల్లి తగ్గలేదు. 2010లో బెంగుళూరులోని కీటక పరిశోధనా సంస్థవారు అమెరికా వారి సహాయమున పోర్టో రికోనుండి మూడు జాతుల సూక్ష్మమైన కందిరీగలను తెప్పించిరి. ఈ రీగలు నల్లి శరీరమున గ్రుడ్లు పెట్టును. మొలకెత్తిన బంగాళాదుంపలపై నల్లిని పెంచి, దానిపై రీగలను పెంచి, తోటలలో విడిచిరి. కొలదికాలమునకే నల్లి అణగెను. ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు. రీగలను విడిచిన తోటలో మందు చల్లరాదు. ఒక రైతు ఆగి, ప్రక్క రైతు చల్లినచో రీగలు నిలువవు. ఉమ్మడి జాగ్రత్త లేనిదే మేలు దక్కదు.

పలువురు పరిశోధకులు ఒకే హరితగృహమును పంచుకొన్నప్పుడు చిక్కు మరింత దగ్గరగా వచ్చును. ఒకరు మిరప పెంతురు, ఒకరు టమాటా, మరొకరు తెగులునే పెంతురు. “ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినట్లు” అను సామెత అక్కడ నిజమగుటకు ఎంతోకాలము పట్టదు. తెగులు సోకిన మొక్క చచ్చుటకంటె బ్రతికియుండుటయే పరిశోధనకు ఎక్కువ హాని. చచ్చిన మొక్కను లెక్కనుండి తీసివేయుదురు. పైకి పచ్చగానుండి లోలోపల నులిపురుగులతో బాధపడు మొక్క అబద్ధపు సాక్ష్యము చెప్పును. ఎరువు చాలలేదనియో, రకము మంచిది కాదనియో పండితుడు వ్రాసుకొనును. మూడేండ్ల శ్రమ ఆ ఒక్క తప్పుతో పోవును.

అందుచే అనుభవజ్ఞులు మందుసీసాకంటె గుమ్మమును ఎక్కువగా నమ్ముదురు. వెలుపలినుండి వచ్చిన మొక్క కొన్ని వారములు వేరుగదిలో నుండవలెను. లోనికి పోవువాడు మొదట లేతమొక్కలను, శుభ్రమైన గదులను చూచి, తెగులుగదిని చివరకు చూడవలెను. మధ్యాహ్నము తెగులుగదినుండి వచ్చి, ఒక్కమాట చెప్పిపోదునని నారుగదిలో అడుగిడుట సామాన్యముగా జరుగు తప్పు. తొట్లను కడిగి మరల వాడవలెను. మట్టిని ఆవిరిపట్టియో, తడిపి పాలిథిన్ పట్టా కప్పి వేసవి యెండలో నుంచియో శుద్ధి చేయవలెను. నీటిగొట్టపు కొనను నేలపై పడవేయరాదు. ఒక పరిశోధన ముగిసిన పిదప గదిని కొన్నాళ్ళు ఖాళీగా ఆరనీయవలెను. ఎందరు తొందరపెట్టినను గదిని అద్దె యిల్లువలె వెంటవెంటనే నింపరాదు. తడితెర ప్రక్క తొట్టికి చల్లదనము, పంకా ప్రక్క తొట్టికి వేడి కలుగును గనుక తొట్ల స్థానములను అప్పుడప్పుడు మార్చుచుండవలెను.

చేతుల మాట వేరుగ చెప్పవలెను. పొగాకు మొజాయిక్ తెగులు రసమును సన్నని జల్లెడలగుండ వడగట్టినను తెగులు పోలేదని 1892లో రష్యా దేశీయుడైన ఇవనోవ్‌స్కీ చూపెను. 1898లో హాలండు దేశీయుడైన బైయరింక్ దానిని సూక్ష్మక్రిమికంటె వేరైన పదార్థముగా గుర్తించెను. వైరసు లను గూర్చిన శాస్త్రము అట్లు మొదలయ్యెను. ఆ వైరసు ఎండిన పొగాకులోను బ్రతికియుండును. బీడీ కాల్చిన చేతితో, పొగాకు నమలిన చేతితో టమాటా నారును తాకినచో తెగులు అంటుకొనవచ్చును. కూలివాని చెవిపైనున్న బీడీని చూచి కసరు పండితులు, తమ జేబులోని సిగరెట్టు పెట్టెను మరచుట కలదు. సబ్బును నీళ్ళును ఇరువురకు సమానమే.

అన్నిటికంటె కఠినమైన నియమము పారవేయుట. తెగులు మొక్క ఎవరిదో వారికి అది ప్రాణము. ఇంకొక వారము చూతమందురు. ఆ వారములో తెల్లదోమ ప్రక్కవాని తొట్టికి పోవును. ఎవరి మొక్కనైనను ఎప్పుడు తీసివేయవలెనో, ఆ మాట చెప్పు అధికారము ఎవరిదో, మొక్కలు లోనికి రాకముందే వ్రాసికొని అందరును ఒప్పుకొనవలెను. తరువాత వ్రాసికొన్నది కలహమునకే పనికివచ్చును.

నేడు హోసూరు పరిసరములలో గులాబి తోటలు పాలిథిన్ కప్పుల క్రింద విస్తరించినవి. ఫిబ్రవరిమాసమున ఇచ్చటి పూలు విదేశములకు పోవును. తళి యందు ఇజ్రాయేలు సహకారముతో పూలసాగు శిక్షణకేంద్రము కలదు. రెండు తలుపుల గుమ్మము, సన్నని వల, తెల్లదోమకు పసుపు అట్ట, తామర పురుగునకు నీలి అట్ట మున్నగు పరికరములు ఇట్టి తోటలకు క్రొత్తవి కావు. ఉదయముననే ఆకు తిరుగవేసి, బూడిద తెగులును, ఎఱ్ఱనల్లిని మొదట కనుగొనునది తరచుగా శాస్త్రజ్ఞుడు కాడు. ఆకు కోయు స్త్రీ, నీరు పెట్టు కూలివాడు. వారి మాట తెలుగో, కన్నడమో, తమిళమో యగును. గుమ్మమున వ్రేలాడు నియమముల పలక ఆంగ్లమున మాత్రమే యున్నచో ఆ పలక చదువగలవారికి దాని అవసరము తక్కువ. అవసరము గలవారికి అది చదువరాదు. మూడు భాషలలోను పలక వ్రాయించుటకు అయ్యెడి వెల ఒక మందుడబ్బా వెలకంటె ఎక్కువ కాదు. పలక క్రింద ఒక నోటుపుస్తకము నుంచి, కనబడిన పురుగు పేరు తమకు తెలిసిన భాషలో, తమకు తెలిసిన పేరుతోనే వ్రాయుమని చెప్పవలెను. ‘తుక్ర’ అను పేరు రైతుల నోటనుండియే శాస్త్రగ్రంథములలోనికి వచ్చినది.