రువైస్: భవనాల శీతలీకరణ, విద్యుత్తులో సమానత

రువైస్ యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో, అబూధాబి ఎమిరేట్ పడమటి భాగమైన అల్ ధఫ్రాలో సముద్రపు ఒడ్డున ఉన్న పారిశ్రామిక పట్టణం. అబూధాబి నగరానికి దూరం సుమారు 240 కి.మీ.. చలిదేశాల నగరాల్లో గ్యాసు బాయిలర్లు తీసేసి హీట్ పంపులు పెట్టే ఖర్చు ఎవరు భరించాలన్నది వివాదం. రువైస్‌లో అదే ప్రశ్న ఏసీ గురించి. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండకు సముద్రపు ఉక్క తోడయ్యే చోట చల్లటి గది విలాసం కాదు, ప్రాణావసరం.

ఇక్కడి చమురు రిఫైనరీలో ఉత్పత్తి 1981లో మొదలైంది, లాంఛనంగా ప్రారంభించింది 1982లో. కంపెనీ ఉద్యోగులకు, కుటుంబాలకు నివాస సముదాయం, కాంట్రాక్టు కార్మికులకు క్యాంపులు అనే విభజన పట్టణమంతటా కనిపిస్తుంది.

కరెంటుకు ఇక్కడ కరువు లేదు. రువైస్‌కు పడమరగా దాదాపు 50 కి.మీ. దూరంలోని బరాకా అణు కేంద్రంలో మొదటి యూనిట్ 2021 ఏప్రిల్‌లో, నాలుగోది 2024 సెప్టెంబరులో వాణిజ్య ఉత్పత్తికి వచ్చాయి. మొత్తం సామర్థ్యం 5,600 మెగావాట్లు. దేశ అవసరాల్లో పాతిక శాతం తీరుస్తుందని నిర్వాహకుల అంచనా. తేడా అంతా వాడకంలో, ధరలో ఉంది. 2017 నుంచి అమలైన అబూధాబి టారిఫ్‌లో ఫ్లాట్‌లో ఉండే స్వదేశీయులకు రోజుకు 30 యూనిట్ల వరకు యూనిట్ 6.7 ఫిల్స్ (దిర్హంలో నూరోవంతు). ప్రవాసులకు రోజుకు 20 యూనిట్ల వరకే 26.8 ఫిల్స్, ఆపైన 30.5.

క్యాంపులో ఉండేవారికి ఈ బిల్లు చేతికి రాదు. 2016 నాటి ఉత్తర్వు ప్రకారం 50 లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలు నెలకు 2,000 దిర్హంలలోపు జీతగాళ్లకు వసతి ఇవ్వాల్సి ఉండేది. తర్వాతి నిబంధనల్లో ఆ పరిమితి 1,500కు తగ్గింది. మనిషికి కనీసం 3 చదరపు మీటర్లు, గదికి ఎనిమిది నుంచి పది మంది, ఏసీ, గాలి వెలుతురు అన్నవి 2009 మంత్రిమండలి ప్రమాణాల నుంచీ ఉన్నవే. అయితే చాలాచోట్ల క్యాంపు కట్టినవారు ఒకరు, బెడ్ల లెక్కన అద్దెకు తీసుకున్న కంపెనీ మరొకటి, అందులో పడుకునేవారు ఇంకొకరు. మంచి ఏసీ కొంటే, పైకప్పుకు ఇన్సులేషన్ వేస్తే కట్టినవాడికి ఖర్చు, కంపెనీకి ఆదా. అందుకే పని ముందుకు సాగదు. రిఫైనరీని మరమ్మతులకు ఆపే షట్‌డౌన్ పనుల్లో వెల్డర్లు, ఫిట్టర్లు, స్కాఫోల్డర్లు రెండు షిఫ్టుల్లో దిగుతారు. నైట్ చేసి వచ్చినవాడు పడుకునేది మిట్టమధ్యాహ్నం, పోర్టాకేబిన్ రేకు కప్పు కాలిపోయే వేళ. ఆ వేళకే విండో ఏసీ నీరసపడుతుంది: బయటి వేడి పెరిగేకొద్దీ దాని చల్లదనం తగ్గుతుంది, సన్నటి ఇసుక ఫిల్టర్‌ను మూసేస్తుంది, ఉప్పుగాలి బయటి కాయిల్ రెక్కలను తినేస్తుంది. ఫిల్టర్ కడగడం గదివాళ్ల చేతిలో ఉంది, మిగతాది కాదు.

కొత్త భవనాల విషయంలో అబూధాబి ముందే మేల్కొంది. 2010 సెప్టెంబరు నుంచి ఎస్టిడామా అనే హరిత భవన ప్రమాణాల పెర్ల్ రేటింగ్‌లో కొత్త కట్టడాలకు కనీసం ఒక పెర్ల్, ప్రభుత్వ నిధులతో కట్టేవాటికి రెండు తప్పనిసరి. పాత క్యాంపులకు ఈ నియమం వల్ల ఒరిగింది తక్కువనే చెప్పాలి.

ఎండవేళ ఆరుబయట పని నిషేధం జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు, మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా. 2024ను కార్మిక మంత్రిత్వ శాఖ దీని అమలులో ఇరవయ్యో ఏడుగా లెక్కించింది. ఉల్లంఘించిన కంపెనీకి ఒక్కో కార్మికుడి లెక్కన 5,000 దిర్హంల చొప్పున, గరిష్ఠంగా 50,000 జరిమానా. ఎండలో పనికి ఇంత స్పష్టమైన గీత గీసిన ప్రభుత్వం నిద్రపోయే గదికీ అలాంటి గీతే గీయవచ్చు.

పైకప్పుల వేడి విషయానికొస్తే, గల్ఫ్‌కు ఎక్కువమంది వలసవెళ్లే జగిత్యాల, నిజామాబాద్ జిల్లాలున్న తెలంగాణలో 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం వచ్చింది. 2028 నాటికి 300 చదరపు కి.మీ. పైకప్పులను చల్లబరచడం లక్ష్యం. 600 చదరపు గజాలలోపు ఇళ్లకు అది ఐచ్ఛికమే, కాబట్టి పేదల రేకుల ఇళ్లు అక్కడా స్వచ్ఛంద కోవలోనే ఉండిపోయాయి. అలా స్వచ్ఛందానికి వదిలేయకుండా, రువైస్ క్యాంపుల తనిఖీ పత్రంలో చదరపు మీటర్ల పక్కన మధ్యాహ్నం గది ఉష్ణోగ్రత కూడా నమోదు కావాలి.